మంచం కింది కుక్కను బయటికి లాగకండి

మా ఇంటికి వచ్చాక మొదటి 11 రోజులూ చుక్క మంచం కిందే ఉంది. షెల్టర్ నుంచి తెచ్చుకున్న ఆ ఆడకుక్కకు రెండేళ్లు ఉండవచ్చని అక్కడివారు చెప్పారు; అంతకుముందు అది ఎవరి దగ్గర ఎలా పెరిగిందో వాళ్లకూ తెలియదు. మంచం కింద అది ఎంచుకున్న చోటు రెండు గోడలు కలిసే మూల. వీపు గోడకు ఆనించి, ముఖం మా వైపు పెట్టి, గడ్డం నేలకు తాకించి పడుకునేది. నిద్రపోతున్నట్టే కనిపించేది గాని, మాలో ఎవరైనా గదిలో అడుగుపెడితే తల కదలకుండా కనుగుడ్లు మాత్రం మా వెంట తిరిగేవి. పగలంతా నీళ్లు కూడా ముట్టేది కాదు. మేమందరం పడుకుని, దీపాలన్నీ ఆరిపోయి, ఏ అర్ధరాత్రి దాటాకో గిన్నె దగ్గర నాలుక చప్పుడు వినిపించేది.

రెండో రోజు మేము చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చూడటానికి వచ్చిన బంధువు ఒకాయన, ఇలా వదిలేస్తే అక్కడే పాతుకుపోతుందనీ, ఒక్కసారి బయటికి తెచ్చి ఇల్లంతా చూపిస్తే భయం దానంతట అదే పోతుందనీ చెప్పారు. మాకూ సబబుగానే తోచింది. మా ఆయన మెడపట్టీకి లీష్ తగిలించి, మెల్లగానే లాగారు. చుక్క మొరగలేదు, పళ్లు చూపలేదు, పెనుగులాడలేదు. నాలుగు కాళ్లూ చాపి, పొట్ట నేలకు అంటించి, మూటలా జారుతూ వచ్చింది. వచ్చినంత మేరా నేల మీద మూత్రం తడి చారగా మిగిలింది. హాలు మధ్యలో కదలకుండా పడి ఉన్న కుక్కను చూసి, "చూశారా, ఎంత శాంతంగా ఉందో" అన్నారు ఆ బంధువు. మేమూ తల ఊపాం.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఈలోగా చదివినదీ, పశువైద్యుల దగ్గర విన్నదీ, అన్నిటికంటే ఎక్కువగా నేల మీద కూర్చుని గమనించినదీ కలిసి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. బెదిరిన కుక్కను ఇంటికి తెచ్చుకున్నవారు దానికి మొట్టమొదట ఇవ్వవలసింది దూరం. ఆ దూరాన్ని ఎప్పుడు, ఎంత తగ్గించుకోవాలన్న నిర్ణయం కూడా దానికే వదిలిపెట్టాలి. ముద్దు చేయడం, పేరు నేర్పడం, కూర్చోమంటే కూర్చోవడం నేర్పడం, నలుగురికీ పరిచయం చేయడం, ఇవన్నీ ఆ తరువాతి సంగతులు. ఈ మాట అన్నప్పుడల్లా అది నిర్లక్ష్యమని కొందరూ, గారాబమని కొందరూ నాతో వాదించారు. ఒకే పనికి ఈ రెండు పేర్లూ ఎలా సరిపోతాయని నేను వాళ్లను తిరిగి అడిగాను.

చుక్కను చూసినవారందరూ "పాపం, ఎవరో బాగా కొట్టి ఉంటారు" అనేవారు. కొట్టారేమో కూడా. కానీ బెదురుకు దెబ్బలే కారణం కానక్కరలేదు. చూడవలసిన వయసులో చూడకపోవడం కూడా చాలు. కుక్కపిల్లకు సుమారు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు లోకంతో పరిచయం పెంచుకునే వయసు. ఆ రోజుల్లో ఎదురైన మనుషులు, చప్పుళ్లు, వస్తువులు దాని లెక్కలో మామూలైపోతాయి; అప్పుడు ఎదురుపడనివి తరువాత ఎన్నాళ్లకైనా అనుమానించవలసినవిగానే మిగిలిపోవచ్చు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే అమెరికన్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో కుక్కపిల్లలను కంచె వేసిన ఆరుబయట స్థలంలో మనుషులతో సంబంధం లేకుండా పెంచారు. వాటిలో కొన్నిటిని వేర్వేరు వయసుల్లో ఒక్కో వారం పాటు మనుషుల దగ్గరికి తెచ్చారు. 14 వారాలు నిండేదాకా మనిషి చెయ్యి ఎరగని పిల్లలు మాత్రం అడవి జంతువుల్లా మనుషులను చూసి పారిపోయేవిగా తయారయ్యాయి. వాటిని ఎవరూ కొట్టలేదు. అసలు ఎవరూ దగ్గరికే వెళ్లలేదు.

ఈ తేడా పట్టించుకోవలసినదే, ఎందుకంటే కుక్క దెబ్బలు తిన్నదని నమ్మినవారు ఆ లోటును ప్రేమతో పూడ్చాలని తొందరపడతారు. చుట్టూ చేరతారు, ఒళ్లోకి లాక్కుంటారు, ముఖంలో ముఖం పెట్టి ఇక నీకేం భయం లేదమ్మా అంటారు. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడటం, పైనుంచి వంగి నడినెత్తి మీద చెయ్యి వేయడం, రెండు చేతులతో చుట్టేయడం, ఈ మూడూ మనకు ఆప్యాయత; మనిషి తీరు తెలియని కుక్కకు ఈ మూడూ మీద పడటమే. అది ఆ మాట తన పద్ధతిలో చెబుతూనే ఉంటుంది. ఎదుట తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పి కళ్లు మాత్రం మన మీదే ఉంచుతుంది గనుక కంటి తెల్లగుడ్డు నెలవంకలా బయటపడుతుంది, ముందుకాలు ఒకటి గాలిలోకి లేస్తుంది. ఇవన్నీ నేను పుస్తకంలో చదువుతుంటే, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, "అమ్మా, నువ్వు చెయ్యి చాపినప్పుడల్లా చుక్క ఆవలిస్తుంది, అదేనా?" అని అడిగింది. అదే. నేను అప్పటిదాకా దానికి నిద్ర వస్తోందని అనుకుంటున్నాను.

దూరం ఇవ్వడమంటే గదిలో పడేసి మరిచిపోవడం కాదు. అందులో ఎంత పని ఉందో చెప్పాలంటే తిండి సంగతి చెప్పాలి. మొదటి వారంలో నేను ఉడికించిన కోడి మాంసం ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని, మంచం దగ్గర బోర్లా పడుకుని, చుక్కకు అందించేదాన్ని. అది వెనక కాళ్లు మూలలోనే ఉంచి, నడుము సాగదీసి, మెడ చాచి, పెదవుల చివరతో ముక్క లాక్కుని, నమలకుండానే గోడకు కొట్టుకునేంత వేగంగా వెనక్కి దూకేది. చేతి నుంచి తింటోందని నేను సంబరపడ్డాను. నిజానికి ఆకలి ముందుకు తోస్తుంటే, భయం వెనక్కి లాగుతుంటే, మధ్యలో ఆ నడుము అలా సాగింది. ముక్క నోట్లో పడగానే ఆకలి మరుపున పడేది, మిగిలేది నా చెయ్యి ఎంత దగ్గరగా ఉందో తెలిసిన భయమే. అయిదారు రోజులు గడిచేసరికి నా చేతిలో పళ్లెం కనిపిస్తేనే మూలలోకి ముడుచుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడు పద్ధతి మార్చాం. మంచానికి రెండున్నర మీటర్ల దూరంలో, దానికి పక్కగా తిరిగి, నేల మీద కూర్చునేదాన్ని. దాని వైపు చూడకుండా చేతిలో పుస్తకం తిరగేస్తూ, నిమిషానికి ఒకటి చొప్పున చిన్న ముక్క విసిరేదాన్ని. ముక్క నాకూ దానికీ మధ్యలో పడకూడదు. దాని వెనక్కో, పక్కకో పడాలి. తినాలంటే అది నా నుంచి దూరంగా వెళ్లాలి. ఇందులో కిటుకంతా ఇదే. తిండి దొరికిన క్షణంలోనే భయపెట్టే మనిషి నుంచి దూరం కూడా దొరుకుతుంది, రెండు లాభాలూ ఒకేసారి. ఆ తరువాత అది తిరిగి ఒక అడుగు నా వైపు వేస్తే, ఆ అడుగు పూర్తిగా దాని సొంతం; ఆకలి వేయించినది కాదు, నేను వేయించినది అంతకన్నా కాదు. అలా నాలుగు రోజులు చేశాక, పన్నెండో రోజున, ముక్క తిని మంచం అంచు దాటి వచ్చి, నా పుస్తకాన్ని వాసన చూసి వెళ్లిపోయింది. నా చేతులు ఒళ్లోనే ఉంచుకోవడానికి ఆ క్షణంలో నేను పడిన పాట్లు చెప్పలేను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడికి భయం పోగొట్టిన వైనాన్ని ప్రచురించారు. మూడేళ్లయినా నిండని ఆ పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా, వాడు తినడం ఆపనంత దూరంలో బోనులో కుందేలును ఉంచి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరిపారు. చివరికి వాడు దాన్ని నిమిరి ముద్దు చేసేదాకా వచ్చాడు. అజాగ్రత్తగా చేస్తే ఫలితం తారుమారై, కుందేలు మీద ఇష్టం పుట్టడానికి బదులు తిండిని చూస్తేనే భయం పుట్టవచ్చని కూడా ఆమె అందులోనే హెచ్చరించారు. పళ్లెం చూసి ముడుచుకున్న చుక్క విషయంలో నేను చేసింది సరిగ్గా ఆ అజాగ్రత్తే.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. తెలుగులో కుక్క ప్రస్తావన రాగానే వచ్చే మాట విశ్వాసం. ఆ మాటకు నమ్మకమనే అర్థం ఉంది, ఉప్పు తిన్నందుకు చూపే కృతజ్ఞత అనే అర్థమూ ఉంది. కుక్క విషయంలో మనం దాదాపు ఎప్పుడూ రెండో అర్థంలోనే వాడతాం. అయిదో రోజున మా అమ్మ నొచ్చుకుని, "ఇంత చేస్తున్నా దగ్గరికి రాదేమిటే, దీనికి విశ్వాసమే లేదు" అంది. మొదటి అర్థంలో తీసుకుంటే అమ్మ అన్నది అక్షరాలా నిజం: దానికి మా మీద నమ్మకం లేదు. నమ్మకం కలగకముందే కృతజ్ఞత కావాలని మేము ఎదురుచూస్తున్నాం. షెల్టర్ నుంచి తెచ్చాం, రక్షించాం అన్న కథ మన మనసులో ఉన్నదే తప్ప కుక్క మనసులో లేదు. దాని వైపు నుంచి చూస్తే, తెలిసిన చోటు నుంచి తెలియని మనుషులు ఎత్తుకుపోయారు, అంతే. ఇంతకంటే నాకు మచ్చిక అనే మాట నచ్చుతుంది. మచ్చిక అవడానికి రెండు వైపులా రోజులు పడతాయి, అందులో ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు.

ఇక బంధువు గారి శాంతం మాట. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కొన్ని కుక్కలను కట్టి ఉంచి, అవి ఏం చేసినా ఆగని విద్యుత్ షాకులు ఇచ్చారు. తరువాత వాటిని ఒక చిన్న అడ్డు దూకితే షాకు తప్పించుకోగలిగే పెట్టెలో పెడితే, చాలా కుక్కలు దూకే ప్రయత్నం కూడా చేయకుండా పడి ఉండిపోయాయి. ఈ క్రూరమైన ప్రయోగాన్ని ఎవరైనా ఇప్పుడు సమర్థిస్తారని నేను అనుకోను, కానీ అది చూపించిన దాన్ని మరిచిపోతే ఆ కుక్కలకు మరింత అన్యాయం చేసినట్టవుతుంది. కదలని కుక్కలన్నీ నెమ్మదించిన కుక్కలు కావు. హాలు మధ్యలో పడి ఉన్న చుక్క శాంతంగా లేదు, చేయగలిగినది ఏదీ లేదని తేల్చుకుంది. ఇంకా ఆలోచింపజేసే సంగతి, అదే ఇద్దరు పరిశోధకులు దాదాపు యాభై ఏళ్ల తరువాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనల ఆధారంగా కుక్కలు ఆ నిస్సహాయతను నేర్చుకున్నాయన్న తమ పాత వివరణను తలకిందులు చేసుకోవడం. ఎడతెగని బాధకు చచ్చుబడిపోవడం అనేది నేర్చుకునేది కాదు, అది పుట్టుకతోనే ఉన్న స్పందన. నేర్చుకునేది దానికి వ్యతిరేకమైన సంగతి, అంటే నేను చేసే పనికి ఫలితం ఉంటుందన్నది, అని వారు రాశారు. నా దృష్టిలో బెదిరిన కుక్కకు నేర్పవలసిన మొదటి పాఠం ఇదే. అది తల తిప్పుకుంటే నా చెయ్యి ఆగాలి. అది ఒక అడుగు వెనక్కి వేస్తే నేనూ ఒక అడుగు వెనక్కి వేయాలి. ఇలా వందసార్లు జరిగితే తన మాట ఇక్కడ చెల్లుతుందని దానికి తెలుస్తుంది. బలవంతంగా జనం మధ్యకు తీసుకుపోయి 'అలవాటు' చేసేవారు ఒక్కొక్కసారీ దీనికి విరుద్ధమైన పాఠం చెబుతున్నారు.

భయపడ్డప్పుడు బుజ్జగిస్తే భయాన్ని మెచ్చుకున్నట్టవుతుంది, ఇంకా పెరుగుతుంది అనే మాట కూడా చాలాచోట్ల వినిపిస్తుంది. భయం కావాలని చేసే పని కాదు, బహుమతి ఇస్తే పెరగడానికి. ఉరుములకు వణుకుతూ తానే వచ్చి మన కాళ్ల దగ్గర ముడుచుకున్న కుక్కను దగ్గర ఉంచుకోవచ్చు, నిమరవచ్చు. రానిదాన్ని వెతికి పట్టుకుని నిమరకూడదు. ఇందులో ఇంతకంటే చిక్కు లేదు.

కుక్కకు నాయకుడెవరో చూపించాలనే వాదాన్ని కూడా రెండు మాటల్లో ముగిస్తాను. దాని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ల మీద రాసిన అధ్యయనం. ఆ భావనకు ప్రచారం కల్పించినవారిలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే తోడేళ్ల పరిశోధకుడు, 1999లో, స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న కుటుంబమేననీ, పెత్తనం కోసం కొట్టుకునే మూక కాదనీ రాశారు. మంచం కింద వణుకుతున్న జంతువు మీద పెత్తనం నిరూపించుకోవాలనుకునేవారికి ఇంతకు మించి జవాబు చెప్పాలని నాకు లేదు.

గుర్రుమనడం గురించి మాత్రం వివరంగా చెప్పాలి, అది పిల్లలున్న ఇళ్లకు సంబంధించిన విషయం. నెల దాటాక ఒక సాయంత్రం కుక్క పరుపు దగ్గర పడిన పెన్సిల్ కోసం మా అమ్మాయి వంగితే, అక్కడే పడుకున్న చుక్క గుర్రుమంది. మా ఆయన గట్టిగా అరిచి చెయ్యెత్తారు. నేను ఆపాను, మా ఇద్దరికీ ఆ రాత్రి పెద్ద మాటలే అయ్యాయి. పిల్ల మీదకు వచ్చే కుక్కను వెనకేసుకొస్తున్నానని ఆయన కోపం, అందులో తప్పు లేదు. కానీ గుర్రుమనడం ఒక హెచ్చరిక. దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది అని కుక్క నోరు తెరిచి చెప్పగలిగేది దాదాపు అదొక్కటే. దాన్ని దండించి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది; ఆ తరువాత 'చెప్పాపెట్టకుండా కరిచింది' అని వాపోవలసి వస్తుంది. మేము ఆ మర్నాడు పరుపును నడిచే దారి నుంచి తీసి గది మూలకు మార్చాం, దాని ముందు చిన్న గేటు పెట్టాం. చుక్క పరుపు మీద ఉన్నప్పుడు ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదు, అదే వస్తే నిమరవచ్చు, మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయాలి, మళ్లీ తల ఆనిస్తేనే కొనసాగించాలి. ఈ నియమాన్ని తొమ్మిదేళ్ల పిల్ల ఒక్క రోజులో నేర్చుకుంది. అతిథులకు నేర్పడం ఇప్పటికీ మా వల్ల కావడం లేదు. "నాకు కుక్కలంటే ప్రాణం, నా దగ్గరికి అన్నీ వస్తాయి" అంటూ చేతులు చాపి వచ్చేవారంత ప్రమాదం మరొకటి లేదు.

కొత్తగా తెచ్చుకున్నవారు మెడపట్టీని నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. మూడో వారంలో ఎవరో గేటును దబాలున వేసిన చప్పుడుకు చుక్క తల వెనక్కి గుంజుకుంది, పట్టీ దాని చెవుల మీదుగా అరటిపండు తొక్కలా ఊడి వచ్చింది, నా చేతిలో లీష్ మాత్రం మిగిలింది. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని వెంట పరిగెత్తకపోవడం. బెదిరిన కుక్కను తరిమితే అది ఇంకా దూరం పోతుంది, పిలిచినా ఆగదు, ఆ క్షణంలో యజమానికీ పరాయివాడికీ తేడా దానికి తెలియదు. నేను ఉన్నచోటే పక్కకు తిరిగి కూర్చుని జేబులోని ముక్కలు చుట్టూ చల్లాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తరువాత నడుముకు కూడా పట్టీ ఉన్న హార్నెస్ కొన్నాం, రెండో లీష్‌ను మెడపట్టీకి తగిలించి నా నడుముకు కట్టుకుంటున్నాను. వీధి తలుపుకూ గేటుకూ మధ్య ఒకటి మూశాకే రెండోది తెరవాలని ఇంట్లో అందరికీ చెప్పాం.

మూడు రోజుల్లో తేరుకుంటుంది, మూడు వారాల్లో అలవాటు పడుతుంది, మూడు నెలల్లో మన ఇంటి మనిషవుతుంది అని ఒక లెక్క దత్తత తీసుకున్నవారందరికీ చెబుతుంటారు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే, ఓపిక పట్టమని. కానీ అది అనుభవం మీద కట్టిన మోటు లెక్క, చుక్కలాంటి కుక్కల విషయంలో అది ఓపికను పెంచకపోగా మనసులో గడువు పెడుతుంది. మూడు నెలలు నిండిన రోజున మా ఇంట్లో అందరం నిరుత్సాహంగా భోజనం చేశాం, కుక్క ఏ తప్పూ చేయకుండానే పరీక్ష తప్పినట్టు. నిజానికి ఆ వారంలోనే అది మొదటిసారి పగటిపూట నీళ్లు తాగింది. క్యాలెండర్ చూస్తున్న మాకు ఆ సంగతి పట్టలేదు.

ఇక మందుల సంగతిలో తప్పు పూర్తిగా నాదే. నాలుగో నెలలో ఒక వైద్యురాలు, ఇంత భయంలో ఉన్న మెదడుకు కొత్తది నేర్చుకునే వీలు తక్కువ, మందుతో భయం కాస్త దిగితే మీరు చేస్తున్న అభ్యాసం పనిచేస్తుంది అని చెప్పారు. మత్తులో ముంచేస్తారని నేను ఒప్పుకోలేదు. అయిదు నెలలు అలాగే లాగాను. ఆ తరువాత ఒప్పుకున్నది ఫ్లూయోక్సెటిన్‌కు. కుక్కల్లో ఒంటరితనపు ఆందోళనకు అమెరికాలో 2007లోనే అనుమతి పొందిన మందు అది, ఇతర భయాలకూ పశువైద్యులు వాడతారు. అది మత్తు ఇంజెక్షన్‌లా గంటలో పనిచేయదు, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, వైద్యుల పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు, హఠాత్తుగా ఆపకూడదు. చుక్క ఆరో వారంలో మారింది. పడిన గరిటె చప్పుడుకు పరుగెత్తే బదులు చెవులు రిక్కించి, ఆగి, గరిటె వైపు చూసింది. పారిపోవడానికీ చప్పుడుకూ మధ్య ఆ ఒక్క సెకను ఖాళీ అంతకుముందు దానికి లేదు. ఆ అయిదు నెలలూ నేను దానికి ఆ సెకను ఇవ్వకుండా ఉంచాను. మందుకు ముందు నొప్పి ఏదైనా ఉందేమో చూడటం కూడా అవసరం. చప్పుళ్లకు బెదిరే 20 కుక్కల మీద 2018లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం, కండరాలు, కీళ్ల నొప్పికీ ఆ బెదురుకూ సంబంధం ఉండవచ్చని చూపింది. చుక్కకు నొప్పి లేదని తేలింది, కానీ చూపించకుండా ఆ మాట అనగలిగేదాన్ని కాదు.

చుక్క ఇప్పటికీ అందరి ఒళ్లోకీ చేరే కుక్క కాదు, అవుతుందని నేను అనుకోవడమూ మానేశాను. కాలింగ్ బెల్ మోగితే మంచం కిందకు వెళుతుంది, వచ్చినవారు వెళ్లిపోయాక తనంతట తానే వస్తుంది. ఆ మంచాన్ని అక్కడి నుంచి జరపాలని ఎవరైనా అంటే ఇంట్లో ఇప్పుడు మొదట అడ్డుపడేది మా ఆయనే. మధ్యాహ్నాలు మాత్రం హాల్లోనే పడుకుంటుంది. నేను కుర్చీలో కూర్చుని ఇది రాస్తుంటే నాకు రెండు అడుగుల దూరంలో, గోడ ఆసరా ఏమీ లేకుండా, ముఖం కిటికీ వైపూ వీపు నా వైపూ పెట్టి నిద్రపోతోంది.